రెప్ప పడిన ఫోటోలు

జనవరి 11

చెల్లి ఆపరేషన్‌కి సిద్ధమైపోయింది. నన్ను అడగలేదు, చెప్పింది. కనుబొమ్మలు పైకి లాగి, నుదుటి చర్మం లోపల ఎక్కడో బిగించేస్తారట. బ్రో లిఫ్ట్ అంటారట. "లాగి దేనికి కడతారే, దూలానికా?" అన్నాను. నవ్వలేదు. ఈమధ్య ఆ విషయం ఎత్తితే అది దేనికీ నవ్వడం లేదు.

దాని బాధ నాకు తెలియంది కాదు. ఇన్నేళ్ళుగా హోటల్ రిసెప్షన్‌లో నిలబడి వచ్చినవాళ్ళందరినీ నవ్వుతూ పలకరిస్తోంది. నలభై దాటేసరికి కనుబొమ్మలు దిగాయి. ఎంత నవ్వినా కసురుకుంటున్నట్టే ఉంటుంది మొహం. కౌంటర్ దగ్గర ఆవిడ చిరాకు పడుతోందని ఎవరెవరో ఫిర్యాదుల పుస్తకంలో రాసి పడేసి వెళ్తున్నారట. కొత్త మేనేజరు దాన్ని తీసుకెళ్ళి వెనక గదిలో ఫోన్లు ఎత్తే పనిలో కూర్చోబెట్టాడు. కిటికీ కూడా లేని గది. అది అక్కడ మనుషుల మొహాలు చూడక ఎండిపోతోంది.

ఇంతకీ ఈ ఆలోచన నా ఫోటోతో పుట్టిందట. ఐడీ కార్డు కోసం మా స్టూడియోలో నేనే తీశాను, నేనే కంప్యూటర్‌లో దిద్దాను. మా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ కనుబొమ్మలు ఓ పిసరు పైకి జరుపుతాం. ఓనరు నేర్పిన పద్ధతి. మనిషి అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంటాడు, ఫోటో చూసి పేచీ పెట్టడు అంటాడాయన. నాకు చేతికి అలవాటైపోయింది. చెల్లికీ అలాగే జరిపాను. అది ఆ ఫోటోని సంచిలో పెట్టుకుని తిరుగుతోంది, ఇలా ఉంటే నన్ను మళ్ళీ కౌంటర్‌లో పెడతారక్కా అంటుంది.

నా తప్పేమీ లేదు. అందరికీ జరిపినట్టే జరిపాను.

జనవరి 12

నా తప్పేమీ లేదని నిన్న రాశాను. లేదు.

జనవరి 19

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. మరిది సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. చెల్లి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా వస్తాడాయన, చెప్పులు కొనుక్కోవడానికి వెళ్ళినా వస్తాడు. సంచీ పట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంటాడు, అంతే. పాపం, మంచివాడే. మంచివాడు కాబట్టే వచ్చి పడింది ఇదంతా.

డాక్టరు ఓపికగా చెప్పాడు. జుట్టులోపల చిన్న చిన్న కోతలు పెడతారు. వాటిలోంచి పనిముట్లు దూర్చి నుదుటిని ఎముక మీంచి వదులు చేసి పైకి జరిపి బిగిస్తారు. మత్తిచ్చి చేస్తారు. తర్వాత వాపు, కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోవడం ఉంటుంది. నడినెత్తి నెలల తరబడి మొద్దుబారి ఉండొచ్చు, దురద పెట్టొచ్చు, కోతల దగ్గర కాస్త జుట్టు ఊడొచ్చు. ఒక్కోసారి నరానికి దెబ్బ తగిలి ఓ కనుబొమ్మ లేవకపోవచ్చు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా రావు. "వయసుని ఆపలేమమ్మా, కాస్త వెనక్కి నెట్టగలం, అంతే" అన్నాడు. చెల్లి ఫోటో తీసి బల్లమీద పెట్టింది. ఆయన ఫోటో చూసి, దాని మొహం చూసి, బొటనవేలితో కనుబొమ్మ పైకి నొక్కి చూశాడు. కళ్ళు మూయమన్నాడు. అది గట్టిగా బిగబట్టి మూసింది. నాకు తెలుసు, బిగబట్టే మూసింది.

"రెప్పల్లో చర్మం ఎక్కువ లేదే మీకు. అంటే బరువంతా కనుబొమ్మదే" అన్నాడాయన. తర్వాత అడిగాడు, "ఇంతకుముందు కళ్ళకి గానీ రెప్పలకి గానీ ఆపరేషన్ ఏదైనా అయిందా?"

"లేదండీ" అంది చెల్లి.

మరిది నవ్వి, "ఆ కళ్ళకి ఆపరేషన్ ఎందుకండీ! నేను ఆ కళ్ళు చూసే పడిపోయాను. దేవుడు తీరిగ్గా కూర్చుని చేసిన కళ్ళు" అన్నాడు. డాక్టరు కూడా నవ్వాడు. నేను గోడమీదున్న మనిషి తలకాయ బొమ్మ కేసి చూశాను.

తీరిగ్గా చేసింది దేవుడు కాదు. పెళ్ళికి ముందు, పరీక్షలు రాయడానికని చెప్పి, అమ్మా నేనూ దాన్ని వేరే ఊరు తీసుకెళ్ళి చేయించాం. దానికి చిన్నప్పటినుంచీ పైరెప్పలు జోగుతున్నట్టు కిందికి వేలాడేవి, బళ్ళో నిద్రమొహం అనేవాళ్ళు. ఆ డాక్టరు రెప్పల్లోంచి చర్మం కత్తిరించి తీసేశాడు. ఎక్కువే తీశాడు. నెలకల్లా దాని కళ్ళు చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేకపోయారు. ఆ తర్వాత ఏడాదికి మరిది వచ్చాడు. సంగతి మా ముగ్గురికే తెలుసు. అమ్మ పోయింది కాబట్టి ఇప్పుడు ఇద్దరికి.

జనవరి 20

వాళ్ళింటికి వెళ్ళి వంటింట్లో పట్టుకున్నాను దాన్ని. మరిది ముందుగదిలో టీవీ చూస్తున్నాడు.

"డాక్టరుకి చెప్పవే. మళ్ళీ ఓసారి వెళ్దాం, మనిద్దరమే."

"ఎలా వెళ్దాం? ఆయన రాకుండా ఉంటాడా?"

"బయట కూర్చోమను."

"ఏమని కూర్చోమనను? ఆడవాళ్ళ సంగతి అననా, నుదుటికి?" అని నీళ్ళ గ్లాసు ఠక్కున పెట్టింది. "అక్కా, ఆయన ప్రతి పెళ్ళిరోజుకీ నా కళ్ళ బొమ్మ గీసి ఇస్తాడు. ఒకే బొమ్మ. ఒక్కసారి కూడా బాగా రాలేదు. వాటిని బీరువాలో దాచాను. ఇప్పుడు వెళ్ళి అవి కత్తిరించిన కళ్ళండీ అని చెప్పమంటావా?"

"చెబితే ఏమవుతుంది?"

"ఏమవుతుందో నాకు తెలీదు. అదే భయం." ముందుగది కేసి ఓసారి చూసి, "నువ్వు గానీ నోరు విప్పావో, ఇక నా గడప తొక్కకు" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరికోసం మాట్లాడుతున్నాను నేను? నాకు పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. నాకున్నది ఆ గడప ఒక్కటే. అది తెలిసే అన్నది.

ఎప్పటిదో ఆపరేషన్. మచ్చ కూడా కనబడదు. డాక్టరు స్వయంగా చూశాడు, నొక్కి మరీ చూశాడు. ఆయనకే కనబడనిది మనమెందుకు తవ్వాలి?

ఫిబ్రవరి 2

అయింది. బాగానే అయిందన్నారు.

పొద్దున్న లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు మళ్ళీ అవన్నీ అడిగింది. మందులు పడకపోవడాలు, షుగరు, బీపీ, పాత ఆపరేషన్లు. మరిది అప్పుడు మందులు తేవడానికి కిందికి వెళ్ళాడు. గదిలో మేమిద్దరమే, నర్సూ. చెల్లి నీలం టోపీ పెట్టుకుని మంచం మీద పడుకుని, "ఏమీ లేవండీ" అంది. నర్సు నా కేసి తిరిగింది. "మీరు అక్కగారా? గుర్తు తెచ్చుకోండమ్మా, చిన్నదైనా సరే. ఏమీ లేవా?"

చెల్లి నా కేసి చూసింది. అలా చూడటం నేను భరించలేను. చిన్నప్పుడు దెబ్బలు తప్పించమని అలాగే చూసేది.

"ఏమీ లేవమ్మా" అన్నాను.

మెట్లమీద మరిది చెప్పుల చప్పుడు వినబడింది అప్పుడే. అంటే నేను నోరు విప్పినా ఆయన వినేసేవాడు. విని ఉండేవాడే.

ఫిబ్రవరి 3

తలకి కట్టు. మొహం పొంగిన రొట్టెలా ఉంది. కళ్ళ చుట్టూ ఊదారంగు. "ఎవరితో తగువు పడ్డావే?" అంటే పెదవి ఓ మూల వంచి నవ్వింది. నుదురు కదల్చకూడదన్నారు. మూడు దిండ్లు ఎత్తుపెట్టి పడుకోబెట్టాం. మరిది ఐస్ గుడ్డలో చుట్టి ఇస్తున్నాడు, కరిగాక మళ్ళీ చుట్టి ఇస్తున్నాడు.

ఫిబ్రవరి 6

మధ్యాహ్నం అది కునుకు తీస్తుంటే మంచినీళ్ళు పెడదామని వెళ్ళాను. కళ్ళు తెరిచే ఉంది అనుకుని మాట్లాడాను. పలకలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే గాఢంగా నిద్రపోతోంది. రెండు రెప్పలూ సగంలో ఆగిపోయాయి. కింద తెల్లగా సందు. నల్లగుడ్డు పైకి పోయి ఉంది. చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

వాపు వల్ల. వాపున్నప్పుడు రెప్ప ఎక్కడ కదులుతుంది?

ఫిబ్రవరి 10

డాక్టరు జుట్టులో కోతలకి వేసిన పిన్నులు తీశాడు. గాయాలు శుభ్రంగా ఉన్నాయన్నాడు. కళ్ళు మెల్లిగా మూయమన్నాడు, బిగబట్టకుండా. మూతపడలేదు. "చిత్రంగా ఉందే" అని చిన్న దీపం వేసి చూశాడు. కంటి చుక్కలు గంటగంటకీ, పడుకునేముందు ఆయింట్‌మెంట్, రెప్పలు కిందికి లాగి టేపు. "వాపు తగ్గాక కనుబొమ్మ కాస్త కిందికి దిగుతుంది. అప్పుడు సర్దుకోవచ్చు. లేకపోతే ఏం చేయాలో చూద్దాం" అన్నాడు.

సర్దుకుంటుందన్నాడు. (సర్దుకోవచ్చు అన్నాడు. మరిది ఇంటికొచ్చి సర్దుకుంటుందట అని చెప్పాడు, నాకూ అలాగే గుర్తుండిపోయింది.)

అద్దంలో చూసుకుని చెల్లి మురిసిపోయింది. నిజం చెప్పొద్దూ, కనుబొమ్మలు బ్రహ్మాండంగా వచ్చాయి. అచ్చం నా ఫోటో.

ఫిబ్రవరి 12

ఇవాళ కొంచెం మూతపడింది.

ఫిబ్రవరి 13

పడలేదు. నిన్న కర్టెన్ వేసి ఉంది, సరిగ్గా కనబడలేదు.

ఫిబ్రవరి 17

స్టూడియోలో ఓనరు చేత చీవాట్లు తిన్నాను. ఓ పెద్దాయన పాస్‌పోర్ట్ ఫోటో తిప్పి పంపాడట, నా మొహం ఎందుకిలా వేలాడుతోంది, పోయినసారి బాగా తీశారు కదా అని. కనుబొమ్మలు జరపలేదు నేను. జరపాలని మౌస్‌తో ఆ బాణం గుర్తు అక్కడిదాకా తీసుకెళ్ళాను, చెయ్యి రాలేదు. "ఒంట్లో బాలేదా?" అన్నాడు ఓనరు. అవునన్నాను.

మా పనిలో మొట్టమొదట చేసేది రెప్ప పడిన ఫోటోలు తీసి పారేయడం. పది తీస్తే అందులో రెండు మూడు రెప్ప పడినవి ఉంటాయి. వాటిని కన్నెత్తి చూడం, దిద్దం, ఎవరికీ చూపించం. ఇన్నేళ్ళలో ఎన్ని వేల మొహాలు దిద్దానో, ఒక్క మొహం విషయంలో కూడా ఇది కళ్ళు మూయాలి కదా అని ఆలోచించలేదు. దాని ఫోటోలో కనుబొమ్మలు పైకి జరిపినప్పుడు రెప్పలు అడ్డు చెప్పలేదు. ఫోటో కదా.

రాయకుండా ఉంటే బాగుండేది. తలనొప్పిగా ఉంది.

ఫిబ్రవరి 21

సాయంత్రాలు నేనే వెళ్ళి టేపు వేస్తున్నాను. మరిది వేస్తే వెంట్రుకలు అంటుకుంటున్నాయట. ముందు ఆయింట్‌మెంట్, తర్వాత పైరెప్ప వేలితో కిందికి. రెప్ప వస్తుంది, కానీ దానితోపాటు నుదురంతా లాక్కొచ్చినట్టు బరువుగా వస్తుంది. వేలు తీస్తే ఠక్కున పైకి పోతుంది. అందులో చర్మం లేదు. వేలికి తెలిసిపోతోంది.

"అక్కా, ఇసుక పోసినట్టుంది కంట్లో" అంటుంది. "ఫ్యాను గాలి కూడా గుచ్చుకుంటోంది."

"తగ్గుతుందిలే."

"నువ్వూ అదే అనకు."

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే మరిది బయటికొచ్చాడు. హుషారుగానే ఉన్నాడు. కళ్ళజోడుకి పక్కల ప్లాస్టిక్ ముక్కలు అతికించి, గాలి తగలకుండా ఏదో తయారు చేశాడట, చూపించాడు. "నెల తిరిగేసరికి కౌంటర్‌లో ఉంటుంది వదినా, చూస్తూ ఉండండి. ఇప్పుడా కళ్ళు ఇంకా బాగా కనబడుతున్నాయి కదూ?" అన్నాడు.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను. "మీరు అన్నం తిన్నారా?" అని వచ్చింది.

"తిన్నాను వదినా. మీరు జాగ్రత్తగా వెళ్ళండి."

ఫిబ్రవరి 26

పొద్దున్నే ఫోను. కుడికన్ను చింతనిప్పులా ఉందట, వెలుతురు చూడలేకపోతోందట. ఆటోలో దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కొంగు నెత్తిమీదకి లాగి కప్పాను. దారంతా మూలిగింది. మరిది డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఈసారి కళ్ళ డాక్టరు. పెద్దావిడ, కబుర్లు లేవు. కంట్లో పచ్చరంగు వేసి నీలిదీపం పెట్టి చూసింది. నల్లగుడ్డు ఎండి పుండు పడిందంది. చూపుకి అడ్డంగా, నడిమధ్యలో. మందు చుక్కలు వెంటనే మొదలుపెట్టింది. మానినా మచ్చ ఉండిపోతుందంది. ఎడమకన్నూ ఎండుతోందంది.

పైరెప్పని వేలితో పట్టి చాలాసేపు చూసింది. "దీనికి ఇదివరకు ఆపరేషన్ అయిందా?"

చెల్లి నొప్పితో గిలగిల్లాడుతూనే తల అడ్డంగా ఊపింది. మరిది దాని చెయ్యి పట్టుకుని, "లేదండీ, మొన్నటిదే మొదటిది" అన్నాడు. ఆవిడ నా కేసి కూడా చూసింది. నేను చెల్లి చెప్పులు వెతకడానికి కుర్చీ కిందికి వంగాను.

ఛీ.

ఫిబ్రవరి 27

ఒక్కదాన్నే వెళ్ళాను, నుదురు డాక్టరు దగ్గరికి. ఎవరికీ చెప్పలేదు. స్టూడియోకి సెలవు పెట్టలేదు కూడా, అలాగే వెళ్ళిపోయాను. వరసలో కూర్చుని, లోపలికి వెళ్ళి నిలబడే చెప్పేశాను. రెప్పల్లో చర్మం తీయించాం, పెళ్ళికి ముందు. మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాం. నర్సమ్మ అడిగితే ఏమీ లేవని నేనే చెప్పాను.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నేనూ ఇంకా గట్టిగా చూడాల్సింది" అన్నాడు. తర్వాత చెప్పాడు, చర్మం ముందే తీసేసిన రెప్పకి పైనుంచి కనుబొమ్మ లాగితే అది ఇక కిందికి రాలేదని. తెలిసుంటే ఇంత పైకి లాగేవాణ్ని కాదు, అసలు ఒప్పుకునేవాణ్నే కాదేమో అన్నాడు.

"ఇప్పుడు వదులు చేయలేరా?"

"పిన్నులు తీయడానికి వచ్చిన రోజు చెప్పినా చేసేవాణ్నమ్మా. అప్పటికి పచ్చిగా ఉంటుంది. ఇప్పుడు అతుక్కుపోయింది."

ఇక మిగిలిన దారి, చెవి వెనక చర్మం తీసి పైరెప్పలకి అతుకు వేయడం. అప్పుడు కళ్ళు మూతపడతాయి. అతుకు కాబట్టి కాస్త కనబడుతుంది. ముందు పుండు మానాలి. కుడికంటి చూపు సంగతి కళ్ళ డాక్టరే చెప్పాలన్నాడు. ఆ తర్వాత, "ఆయనకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాడు.

నేనే చెబుతానన్నాను. మెట్లు దిగి వీధిలోకొచ్చాక తట్టింది, పిన్నులు తీసిన రోజు నేనా గదిలోనే ఉన్నాను. ఆయన చిత్రంగా ఉందే అన్నప్పుడు నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

ఫిబ్రవరి 28

చెప్పాను.

చెల్లి లోపలి గదిలో కర్టెన్లు వేసుకుని పడుకుని ఉంది. మరిది వంటింట్లో బియ్యం కడుగుతున్నాడు. వెనక నిలబడి చెప్పాను, ఆయన మొహం చూడకుండా చెప్పొచ్చని. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. నీళ్ళు వంపుతూ వంపుతూ ఆగాడు. తర్వాత మళ్ళీ వంపాడు. కుక్కర్ మూత పెట్టాడు, స్టవ్ వెలిగించాడు. చేతులు తుడుచుకుని ఇటు తిరిగాడు.

"వదినా, నేను దాన్ని ఎప్పుడైనా ఓ మాట అన్నానా?"

"లేదు."

"కొట్టానా? తిట్టానా? మీ ముందు గానీ వెనక గానీ?"

"లేదు నాయనా."

"మరి మీ ఇద్దరికీ నేనంటే అంత భయమేంటి? నేనేం చేశాను?"

కళ్ళు బాగున్నాయని అన్నారు మీరు అని చెప్పాలా? అన్నన్నిసార్లు అన్నారు అని? ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి, నా ముందు, భుజం మీద తువ్వాలుతో. కుక్కర్ కూత వేసినా స్టవ్ కట్టలేదు. నేనే కట్టాను.

లోపలికి వెళ్ళేసరికి చెల్లి లేచి కూర్చుని ఉంది. అంతా విన్నట్టుంది. కుడికంటికి ప్లాస్టిక్ మూత, ఎడమకన్ను విప్పారి నా కేసే. ఆ కనుబొమ్మలతో అది కోపంగా ఉందో ఏడుస్తోందో కూడా నాకు తెలియలేదు. ఆశ్చర్యపోతున్నట్టే ఉంది. ఇక ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబోలు.

"వెళ్ళిపో అక్కా" అంది.

మార్చి 4

ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్ళలేదు. టేపు ఎవరు వేస్తున్నారో.

మార్చి 9

ఫోను చేస్తే మరిది ఎత్తాడు. పొడిపొడిగా మాట్లాడాడు. పుండు మానుతోందట. "దానితో ఓసారి..." అన్నాను. "నిద్రపోతోంది వదినా" అన్నాడు. కళ్ళు మూసుకునా అని అడగబోయి ఊరుకున్నాను.

మార్చి 15

ఇవాళ వాళ్ళ వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. పళ్ళు కొన్నాను, నేనే తిన్నాను.

మార్చి 27

అతుకు ఆపరేషన్ ఇవాళ. నన్ను పిలవలేదు. నర్సుకి ఫోను చేసి కనుక్కుని వెళ్ళాను. బయట బెంచీ మీద మరిది ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి సంచీ తీసి పక్కన పెట్టుకుని చోటిచ్చాడు. కూర్చున్నాను.

ఆయనే అన్నాడు, "ఇప్పుడు దానికి నామీద కోపం వదినా. ఆ కళ్ళ గురించి నేనలా అని అని దాన్ని బెదరగొట్టేశానట. నిజమే కావచ్చు. నాకేమో పొగడటమనే అనిపించింది."

లోపలున్నది దాని కళ్ళు. బయట మేమిద్దరం ఎవరి తప్పు ఎంతో పంచుకుంటూ కూర్చుంటే లోపల ఏమీ మారదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరం లేచి నిలబడ్డాం.

ఏప్రిల్ 18

చెల్లి నుంచి కబురొచ్చింది. రమ్మంది.

వెళ్ళాను. మరిది తలుపు తీసి, షాపుకి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. పనికి తప్ప ఆయన దాన్ని విడిచి తనంత తానుగా బయటికి వెళ్ళడం నేను చూడటం ఇదే మొదటిసారి.

కిటికీ పక్కన కూర్చుని ఉంది. పైరెప్పలమీద అతుకు కొంచెం తెల్లగా, వేరే చోటిదని తెలిసిపోతూ ఉంది. కళ్ళు ఆర్పుతోంది. ఆర్పుతోంది! రెండూ పూర్తిగా మూతపడుతున్నాయి. నేను వాకిట్లోనే నిలబడి అలా చూస్తుంటే, "లోపలికి రా, దోమలొస్తాయి" అంది.

కుడికన్ను నల్లగుడ్డు మీద పాలచుక్క పడినట్టు మచ్చ. దానితో మనుషుల్ని నీడల్లాగే చూడగలదట. కొన్నాళ్ళు పోయాక ఎవరిదైనా కన్ను దొరికితే నల్లగుడ్డు మార్చి చూడొచ్చన్నారట, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారట. హోటల్ వాళ్ళు వెనక గది పనికి ఎప్పుడైనా రావచ్చన్నారట. అన్నీ ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

టీ పెట్టి తెచ్చాను. కప్పు అందుకోబోయి దాని చెయ్యి ఓ జానెడు ఇవతలే గాలిలో ఆగింది. ఒంటికంటికి దూరం తెలియడం లేదట. కప్పు తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టాను.

"అక్కా" అంది టీ ఊదుకుంటూ, "మొదటిరోజు ఆ డాక్టరు అడిగినప్పుడు మా ఆయన ముందే నువ్వు చెప్పేసి ఉంటే?"

"నువ్వు నన్ను చంపేసేదానివి."

"ఆఁ, చంపేదాన్నే. నానా తిట్లూ తిట్టేదాన్ని. గడప తొక్కనిచ్చేదాన్ని కాదు." ఓ గుక్క తాగింది. "ఎన్నాళ్ళంటావు?"

ఆలోచించాను. చిన్నప్పుడు ఎంత కొట్టుకున్నా మర్నాటికి కలిసేవాళ్ళం. పెద్దయ్యాక వారం, పది రోజులు. అమ్మ నగల దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది.

"ఓ ఆర్నెల్లు" అన్నాను.

"అంతే కదా?"

ఎత్తిపొడుపు లేదు దాని గొంతులో. అదే నాకు కష్టంగా ఉంది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"అంతే" అన్నాను.